మూడు వేళ్ళ ఆటగాడు

నాతో డిగ్రీ చదివినవాడొకడు ఈ మధ్య కర్నూలు బైపాస్ పక్కన బార్ తెరిచాడు. రోడ్డు కాంట్రాక్టులు చేసి బాగా నిలదొక్కుకున్న మనిషి. ఆ బార్ గొప్పదనమంతా లోపలి గోడ పొడవునా నిలబెట్టిన పాత వీడియో గేమ్ పెట్టెల్లో ఉందట. పాతవంటే నిజంగా పాతవి కావు. హైదరాబాదులో కొత్త చెక్కతో చేయించి, లోపల టీవీ బిగించి, అంచులు అరిగినట్టు కనబడాలని గరుకు కాగితంతో రుద్దించిన పెట్టెలు. మా కుర్రతనాన్ని మాకే తిరిగి అమ్మడానికి ఎవరో పాపం ఇంత కష్టపడ్డారు.

ప్రారంభానికి నన్నూ పిలిచాడు. నాది పాత బస్టాండు దగ్గర చిన్న కళ్ళజోళ్ళ అంగడి. అలాంటి పిలుపులు వచ్చే మనిషిని కాను. ఎందుకు పిలిచాడో వాడు మైకు అందుకున్నాక తెలిసింది.

"ఈ ఊర్లో ఈ ఆటలో నన్ను కొట్టినోడు లేడప్పా. మెషీన్ మీద రోజూ నా పేరే ఉంటాండె. అడగండి, మావోడు ఈడనే ఉండాడు" అని నన్ను చూపించాడు. పొట్టలు పెరిగిన పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. వాడు చెప్పేది అబద్ధమని ఆ హాల్లో నా ఒక్కడికే తెలుసు. నేను నవ్వి తల ఊపాను. వాడి మాట వస్తే తల ఊపడం నాకు డిగ్రీ నాటి అలవాటు.

అప్పట్లో మా కాలేజీకి దగ్గరలో ఒక బార్ ఉండేది. ముందు గదిలో, చేతులు కడుక్కునే తొట్టి పక్కన, ఒకే ఒక్క వీడియో గేమ్ పెట్టె. పై నుంచి పురుగుల్లాంటి శత్రువులు వరసలుగా దిగివస్తుంటాయి, కింద మన విమానం వాటిని కాలుస్తూ తప్పించుకోవాలి. ఆ రోజుల గురించి ఇప్పుడు తీయగా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గది ఫినాయిలు కంపు, ఉడికిన గుడ్ల కంపు. విమానాన్ని తిప్పడానికి పెట్టె మీదుండే కడ్డీ ఎప్పుడూ ఎవడి చేతి జిడ్డుతోనో అంటుకుపోతుండేది. ఎండాకాలం తెర ముందు నిలబడితే పొయ్యి ముందు నిలబడ్డట్టే. మేం అక్కడికి పోయింది ఆట మీద ప్రేమతో కాదు. బార్లోకి పోతున్నామని క్లాసులో చెప్పుకోవడానికి.

ఆ బార్లో ఒక సర్వర్ ఉండేవాడు. నలభై దాటినవాడు, ఆలూరు వైపు మనిషి. వానలు లేక శెనక్కాయ పంట పోతే బేతంచెర్లలో బండల పాలిష్ పనికి వెళ్ళాడట. అక్కడ మిషన్లో పడి కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. తర్వాత ఈ బార్లో చేరాడు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా బార్లో ఈగ కూడా ఉండదు. ఆ వేళ భుజం మీద తువ్వాలుతో పెట్టె ముందు నిలబడి ఆడేవాడు. ఎడమచేత్తో కడ్డీ తిప్పుతూ, కుడి బొటనవేలితో కాల్చే మీట నొక్కేవాడు. అంత నెమ్మదిగా, తొణక్కుండా ఆడినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఒకరోజు ఆటలో నేను మాటిమాటికీ చచ్చిపోతూ ఉంటే పక్కకు వచ్చి చెప్పాడు.

"పురుగుల పక్క చూడద్దప్పా. వాట్లను చూస్తే అవే కనపడతాయి. సందు యాడుందో చూడు."

అలా చూశాక నా ఆట కూడా కొంచెం బాగుపడింది.

ఆట ముగిశాక బాగా ఆడినవాళ్ళు మూడు ఇంగ్లీషు అక్షరాలతో పేరు పెట్టుకోవచ్చు. ఆయనకు ఇంగ్లీషు రాదు. మెషీన్ తనంతట తాను చూపించే మూడు 'ఏ' అక్షరాలను అలాగే వదిలేసేవాడు. అందుకని తెర మీద పై నుంచి కింది దాకా ఏ, ఏ, ఏ అనే ఉండేది. అవి కంపెనీవాళ్ళు ముందే పెట్టి పంపిన పేర్లని మావాడు, ఇప్పుడు బార్ తెరిచినవాడే, చాలాకాలం నమ్మాడు. అవి సర్వర్ ఆటలవని నేనే చెప్పాను.

వాడికది మింగుడు పడలేదు. క్లాసులో పదిమందిని వెంటబెట్టుకొచ్చి, సర్వర్‌ను పందానికి పిలిచాడు. ఆయన వద్దన్నాడు. "మీరు ఆడుకోండప్పా, నాకేం పందెము" అన్నాడు. వాడు వినలేదు. ఆడారు. మావాడు మూడో వరస దగ్గరే పోయాడు. సర్వర్ అలా ఆడుతూనే ఉన్నాడు. లోపల్నుంచి ఎవరో సోడా అడిగితే ఆటను మధ్యలోనే వదిలి వెళ్ళిపోయాడు. అప్పటికే మావాడి కంటే ఎన్నో రెట్లు ముందున్నాడు. మా గుంపులో ఎవడో కిసుక్కున నవ్వాడు.

మరునాడు మావాడు నన్ను వెంటబెట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్ళి, మీ మనిషి గిరాకీలను గాలికొదిలి ఆటలాడుతున్నాడని చెప్పాడు. వాడి నాయన ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు, ఆ బార్‌కు పెద్ద గిరాకీ. ఓనరు నా వైపు తిరిగాడు.

"నిజమేనా అప్పా? ఆడతాంటాడా?"

"ఆడతాడు" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. ఆయన ఆడే వేళకు బార్లో ఎవరూ ఉండరన్న మాట నోటిదాకా వచ్చింది. మావాడు నా పక్కనే ఉన్నాడు. వాడి మోటారుసైకిలు మీదే నేను రోజూ కాలేజీకి పోతుండేవాణ్ణి. ఆ మాట లోపలే ఆగిపోయింది.

ఆ సాయంత్రమే సర్వర్‌ను పంపేశారు. తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టి, బయటికొస్తూ మమ్మల్ని చూసి ఆగాడు.

"పొయ్యొస్తానప్పా. బాగా చదువుకోండి."

కోపం కూడా చూపించలేదు. అదే నాకు ఇప్పటికీ అరగదు.

ఇప్పుడు, ప్రారంభం రోజున, ఉపన్యాసం అయ్యాక మావాడి పక్కన కూర్చుని అడిగాను, ఆ సర్వర్ గుర్తున్నాడా అని.

"ఎవురప్పా ఆయప్ప?"

నటన కాదు. నిజంగానే మరిచిపోయాడు. ఒకణ్ణి పని నుంచి తీయించిన సంగతి వాడి తలలో ఒక్క రోజైనా నిలిచినట్టు లేదు. నేను మొత్తం చెప్పాను, నేను అన్న ఆ ఒక్క ముక్కతో సహా. శ్రద్ధగా విన్నాడు. సిగ్గుపడతాడేమోనని చూశాను. వాడి కళ్ళు మెరిశాయి.

"శానా బాగుండాదప్పా ఈ కత. ఇట్లాంటిదే కావాల మనకు."

నెల తిరక్కముందే బార్ గోడ మీద పెద్ద బొమ్మ వేయించాడు. మీట నొక్కుతున్న మూడు వేళ్ళ చెయ్యి. తెలిసినవాళ్ళు దాని ముందు దిగిన ఫోటోలు నాకు పంపుతున్నారు, రెండు వేళ్ళు ముడుచుకుని, నవ్వుతూ. ఫోన్ చేసి తీసేయమన్నాను.

"ఎందుకు తీయల్ల? ఆయప్పకు పేరే కదా వస్తాండేది. నీకు తెలిస్తే పిలుచుకొనిరా, శాలువా కప్పుతాము" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ ఆ బార్ గడప తొక్కలేదు. నేను తొక్కకపోతే వాడికి పోయేదేమీ లేదని తెలుసు. ఆ కథ వాడి చేతికిచ్చింది నేనే.

మొన్న ఆలూరు నుంచి ఒక రైతు కళ్ళజోడుకు వచ్చాడు. పెద్దవాడు. అద్దాలు సరిచూస్తూ, మీ పక్క పాలిష్ మిషన్లో వేళ్ళు పోయిన మనిషి, కర్నూల్లో బార్లో పనిచేసినాయన, ఎవరైనా తెలుసా అని అడిగాను.

"ఆ పనికి పొయినోళ్ళు శానామంది ఉండారప్పా, వేళ్ళు పోగొట్టుకున్నోళ్ళూ ఉండారు" అన్నాడు. "పేరేమి? ఏ ఊరు?"

రెండేళ్ళపాటు వారానికి నాలుగు రోజులు చూసిన మనిషి. ఆయన పేరేమిటో మేమెవరమూ ఏనాడూ అడగలేదు.

"తెలీదు" అన్నాను.

రైతు కొత్త అద్దాల్లోంచి నా వైపు చూసి, దగ్గరవి బాగానే కనిపిస్తున్నాయని చెప్పి, లేచి వెళ్ళిపోయాడు.