ఆయన ఫ్రేమ్, నా చక్రాలు, కోడూరు గాలి

నా కోసం ఎవరైనా ఆగి ఎదురుచూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. అలాంటిదాన్ని, ప్రతి ఆదివారం పొద్దున్నే గుడివాడ నుంచి పామర్రు దాకా చెమటలు కక్కుతూ సైకిల్ తొక్కి, అక్కడ టీ కొట్టు ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్న ఇద్దరు మగవాళ్ళ చేత "వచ్చేసింది పాపం" అనిపించుకునేదాన్ని. ఆ 'పాపం' ఉంది చూశారూ, అది వింటే తిరిగి ఇంటికి వెళ్ళిపోదామనిపించేది.

ఆ ఇద్దరిలో ఒకరు మా ఆయన. చేపల మేత వ్యాపారం. వారమంతా ముదినేపల్లి చెరువు గట్ల మీద తిరుగుతారు. రెండోవారు మా వీధిలో ఉండే పిల్లల డాక్టరుగారు. నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను.

"నా కోసం ఆగొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అని సైకిల్ దిగకముందే అందుకునేదాన్ని.

"నీ కోసం ఎవరాగారు? టీ బాగుంటే కూర్చున్నాం," అనేవారు మా ఆయన, రోడ్డు వైపు నుంచి చూపు తిప్పుకుంటూ.

అంతలో పొగలు కక్కే టీ గ్లాసు నా చేతిలో ఉండేది. నేను ఎప్పుడు చేరినా అంతే, నాలిక చుర్రుమనేంత వేడి. కొట్టాయన పనితనం అనుకునేదాన్ని.

కోపం వచ్చినా ఆదివారం మాత్రం వదులుకోలేను. గ్యాస్ బుక్ చేశావా, నా లుంగీ ఎక్కడ, మేడమ్ రికార్డులు దిద్దారా అని ఎవరూ అడగని పూట వారం మొత్తానికి అదొక్కటే. రోడ్డూ నేనూ, పక్కన కాలవా. హాయిగా ఉంటుంది.

పోయిన చలికాలంలో మా పాత సైకిళ్ళకి ఏదో ఒక మెరుగు చేయించుకుందామనుకున్నాం. తలా ఒక్కటే. తేలికైన కార్బన్ ఫ్రేమ్ వేయించుకోవడమా, గాలిని కోసుకుపోయే వెడల్పు రిమ్ముల చక్రాలు వేయించుకోవడమా? ఇంట్లో ఇడ్లీ పిండి పులిసేలోపు ఈ గొడవ కూడా పులిసింది.

మా ఆయన రాత్రీ పగలూ కొండల్లో జరిగే సైకిల్ పందేల వీడియోలు చూసి ఫ్రేమ్ వైపు మొగ్గారు. "బరువు తగ్గితే సైకిల్ దానంతటదే పోతుందే."

"ఎక్కడికండీ? మనకి కొండేది? కాలవ మీద వంతెన తప్పిస్తే ఇక్కణ్ణుంచి సముద్రం దాకా దోసెల పెనమేగా. మనకున్న కొండ గాలి ఒక్కటే. అయినా ఫ్రేమ్‌లో తగ్గేది కిలో. ఆ కిలో మీ బొజ్జలో తగ్గించుకుంటే ఊరికే వస్తుంది."

డాక్టరుగారు ఎటూ తేల్చలేదు. తన సైకిలు జోలికే వెళ్ళలేదు. నాతో మాత్రం, "చెల్లెమ్మా, నువ్వసలే బక్కపల్చన. పక్కగాలి కొడితే ఆ చక్రాలు నిన్ను తీసుకెళ్ళి కాలవలో పడేస్తాయమ్మా," అన్నారు.

మా ఆయన ఫ్రేమ్ కొనుక్కున్నారు. నేను చక్రాలు కొనుక్కున్నాను.

డాక్టరుగారి నోటి మాట ఊరికే పోలేదు. మొదటి వారమే ముదినేపల్లి దగ్గర, కొబ్బరి చెట్ల వరస అయిపోయిన చోట, గాలి ఒక్కసారిగా పక్క నుంచి కొట్టింది. నేను భయపడి హ్యాండిల్ బిగించాను. అది మొండికేసింది. సైకిలూ నేనూ గట్టు దిగి చేపల చెరువు అంచున, బురదలో. మా ఆయన పరుగెత్తుకొచ్చి, దెబ్బ తగల్లేదని చూసుకుని, అప్పుడు మొదలుపెట్టారు నవ్వడం. "చేపలకి మేత నేను వేస్తాలేవే. నువ్వు దిగక్కర్లేదు."

ఇక నాకు తిక్క రేగింది. అక్కడే, బురద కాళ్ళతోనే అన్నాను: "మినుము కోతలయ్యేలోపు కోడూరు దాకా వెళ్దాం. ఆ రోజు దారిలో ఎక్కడైనా మీరు నా కోసం ఆగాల్సి వచ్చిందో, అవనిగడ్డలో బస్సెక్కి ఇంటికొచ్చేస్తాను. మళ్ళీ ఆదివారం సైకిల్ ముట్టుకోను."

"అబ్బో!" అన్నారాయన. కానీ అన్న మాట మీద నిలబడే రకాన్నని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రి అన్నం సహించలేదు. నోటిదురుసుతో ఉన్న ఒక్క ఆదివారాన్నీ పణం పెట్టేశాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాటి నుంచి కాలేజీకి వెళ్ళేముందు రోజూ గాలిలో తొక్కడం నేర్చుకున్నాను. చేతులు వదులుగా పెట్టి, గాలి తోస్తే కాస్త తోయనిచ్చి, మళ్ళీ సర్దుకోవడం. అంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదు.

ఫాల్గుణం చివర్లో బయల్దేరాం. పామర్రు దాటాం, చల్లపల్లి దాటాం. నేను వాళ్ళ పక్కనే ఉన్నాను. మోపిదేవి ఇవతల పీకిన మినుమును రోడ్డు నిండా పరిచేశారు. లారీలూ బస్సులూ తొక్కితే నూర్పిడి అయిపోతుందని. మా సైకిళ్ళకి ఆ తీగలు చుట్టుకుంటే ఇక అంతే. దిగి, భుజాన వేసుకుని నడిచాం. మా ఆయన తన సైకిల్‌ని రెండు వేళ్ళతో ఎత్తి, "చూశావా?" అన్నారు.

మినుము తిరగేస్తున్న ఆవిడ ఆగి అడిగింది. "తొక్కుకుంటూ పోవచ్చుగా బాబూ, మాకూ పనవుద్ది."

"ఇది చాలా తేలికండీ. కాయ కూడా పగలదు," అన్నారు గర్వంగా.

"కాయ పగలని దానికి అంత సోకెందుకు బాబూ?" అందావిడ. డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక సైకిల్ కింద పెట్టేశారు.

ఆ ఉక్రోషమంతా మా ఆయన పులిగడ్డ వంతెన మీద చూపించారు. మా దారి అటు కాకపోయినా, ఫ్రేమ్‌కి అన్నప్రాశన చెయ్యాల్సిందేనని పట్టుబట్టారు. ఎత్తు మొదలవగానే రివ్వుమని పోయారు. కృష్ణ మీద సగం దూరంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "వచ్చేసింది పాపం!" అని అరిచారు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. "అది లెక్కలోకి రాదులే చెల్లెమ్మా, వంతెన మన దారిలో లేదుగా," అన్నారు డాక్టరుగారు. అవనిగడ్డ బస్టాండు ముందు నుంచి వెళ్తుంటే గుడివాడ బస్సు ఆగి ఉంది. దాని వైపు చూడకుండా తొక్కాను.

అవనిగడ్డ దాటగానే సముద్రం మీద నుంచి గాలి లేచింది. ఎదురుగా, అడ్డూ ఆపూ లేకుండా. నేను వంగి హ్యాండిల్ పట్టుకున్నాను. చక్రాలు బుస్సుమంటూ కోసుకుపోతున్నాయి. వాళ్ళిద్దరూ గాలి తగలకుండా నా వెనక నక్కారు. కాసేపటికి వెనక మాటలు ఆగిపోయాయి. ఇంకాసేపటికి ఆయాసం కూడా వినిపించలేదు. అంతా చక్రాల గొప్పేనని అనను. వంతెన మీద షోకులకి పోయి ఆయన కాళ్ళు అరగదీసుకున్నారు. పైగా ఆయన బొజ్జ ఆ గాలికి తెరచాపలా నిలబడింది. "ఏమే, కొంచెం ఆగు!" అని ఎక్కడి నుంచో ఒక కేక. ఆగలేదు! ఎందుకాగాలి? గొంతెత్తి పాడుకుంటూ కోడూరు చేరాను.

సెంటర్లో టీ కొట్టు ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఎంత బాగుందో. కొట్టాయన, "ఎన్ని టీలమ్మా?" అన్నాడు. మూడన్నాను. మొదటి గ్లాసు నాకిచ్చి వేరే బేరం చూసుకోవడానికి వెళ్ళాడు.

ఇంకా రాలేదు. లారీ ఒకటి వచ్చింది, వాళ్ళు కాదు. ఆటో వచ్చింది, వాళ్ళు కాదు. మినుము తీగలేమైనా గేర్లకి చుట్టుకున్నాయేమో. ఆయనకసలే గాలిలో తొక్కడం అలవాటు లేదు. పొద్దున ఒక్క ఇడ్లీయే తిన్నారు. గెలిచిన సంతోషం గెలిచినట్టే ఉంది గానీ, కళ్ళు మాత్రం రోడ్డు మీద నుంచి రావడం లేదు. నా చేతిలో టీ చల్లారిపోయింది. కొట్టాయన వచ్చి రెండో గ్లాసు పొయ్యబోయాడు.

"ఆ రెండూ ఇప్పుడే పొయ్యకండి," అన్నాను కొట్టాయనతో. "కనపడ్డాక చెబుతాను. వచ్చేసరికి వేడిగా ఉండాలి."

అన్నాక, పామర్రులో నాలిక కాల్చిన టీలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

దూరంగా మలుపులో రెండు తలకాయలు కనిపించాయి. "పొయ్యండి," అన్నాను.

ఆయన రొప్పుతూ దిగి, గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి నాలిక కాల్చుకున్నారు. నా చల్లారిన గ్లాసు వైపు చూశారు. నా వైపు చూశారు.

"నా కోసం ఆగావే," అన్నారు.

"మీ కోసం ఎవరాగారండీ?" అన్నాను. "టీ బాగుంటే కూర్చున్నాను."