చేతి గడియారం చూసి పెట్టిన టైం

ఆ సోమవారం వొండిమగెన్ ఎందుకు నోరు విప్పలేదు? ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు. జిమ్మా ఊళ్లో మా కాలేజీ కంప్యూటర్ల గడియారాలు చూసేది అతనే. సన్నటి మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఏ గడియారమైనా రెండు సెకన్లు తప్పి, నెట్లో దూరపు గడియారాలను అడుగుతూ గెంతకుండా మెల్లగా దారికొస్తుంటే, కాఫీ చల్లారుతున్నా తెర వంకే చూస్తూ కూర్చునేవాడు. “తొందరపెట్టకూడదక్కా” అనేవాడు నాతో. తేడా గంటల్లో ఉంటే మాత్రం అది ఎవరి మాటా నమ్మదట, మనిషే చేత్తో దిద్దాలట.

ఒక ఆదివారం పొద్దున్న కరెంటు పోయి వచ్చింది, పెద్ద కంప్యూటర్ టైం తప్పింది, నెట్ రాలేదు. ఏడున్నరకి అతను చేతి గడియారం చూసి అందులో టైం పెట్టాడు. మా దేశంలో చేతి గడియారాలు తెల్లవారే ఆరింటి నుంచి లెక్కపెడతాయి. వాటిలో అప్పుడు ఒకటిన్నర. కంప్యూటర్ దాన్ని అర్ధరాత్రి దాటిన ఒకటిన్నర అనుకుంది. రాత్రి కాపలా ముగించి షిఫెరావ్ తాత ఎనిమిదికి హాజరు వేలిముద్ర వేసి ఇంటికెళితే, ఆ కంప్యూటర్లో రాత్రి రెండింటికే గేటొదిలి పోయినట్టు పడింది. మధ్యాహ్నం వొండిమగెన్ టైం దిద్దాడు కానీ హాజరు పట్టీలో తాత వరుస అలాగే ఉండిపోయింది. సోమవారం కాలేజీ ఆఫీసరు అందరి ముందూ ఆ పట్టీ కాగితం ఊపాడు. “ఇంటి పరుపు పిలిచిందా తాతా? ఇక అక్కడే పడుకో, రేపట్నుంచి రాకు.” “ఈ బాబునడగండయ్యా, పొద్దున్న నాతోనే కాఫీ తాగాడు” అన్నాడు తాత. వొండిమగెన్ చొక్కా చేతిని గడియారం మీదికి లాక్కుని తల దించుకున్నాడు. మర్నాడు ఆఫీసరు బల్ల మీద అంతా ఒప్పుకుంటూ అతని ఉత్తరం, దానిమీద ఆ గడియారం ఉన్నాయి. తాతని మళ్లీ పనిలోకి పిలిపించారు. సాయంత్రం గేటు దగ్గర, “ఏం బాబూ, కాఫీ తాగి పో” అని పిలిచాడాయన. వొండిమగెన్ బోసి మణికట్టు తడుముకుని, తలెత్తకుండా గేటు దాటాడు.