మామిడిపల్లి ఎత్తు మీద ఐతారాలు

అటక మీది పాత సామాను దించుతుంటే చేతికి బాపు పాత కారు డెల్కో మూత తగిలింది. నల్లగా, అరచేతిలో ఇమిడేంత ఉంది, నెత్తిన వైర్లు దూర్చే గొట్టాలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన రబ్బరు, పెట్రోలు, ఎప్పటిదో దుమ్ము కలిసిన వాసన. బాపు పోయి ఏడాది దాటింది. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, మూత పట్టుకున్నప్పుడూ రాలేదు. చున్నీతో తుడిచి కిటికీలో పెట్టి మళ్ళీ పనిలో పడ్డాను.

శంషాబాదుకు విమానాలు రావడం మొదలైన కొత్తల్లో నేను బడికి పోయే పిల్లని. అప్పటికే మా జొన్న చేను, టమాట మడి, వానాకాలం గట్ల మీద మొలిచే పుంటికూర, బావి, బావి ఒడ్డున పొద్దంతా డగడగమనే ఆయిల్ ఇంజను, అన్నీ కొత్త రోడ్డు కిందికి పోయాయి. భూమి పోయిన ఇళ్ళవాళ్ళు తళతళలాడే కొత్త కార్లు తెచ్చుకుని నిమ్మకాయలు కట్టుకున్నారు. బాపు ఏమీ తేలేదు. అరుగు మీద కూర్చుని, నెత్తి మీదుగా పోయే విమానాల కడుపులు చూసేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. కోపమూ లేదు, దుఃఖమూ లేదు, దీపం ఒత్తి బాగా తగ్గించి పెట్టినట్టు ఉండేవాడు. అమ్మ అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

అలాంటి మనిషి ఒకనాడు పాతబస్తీ నుంచి ఒక పాత కారు తోలుకొచ్చాడు. రెండే తలుపులు, వెలిసిన ఎరుపు రంగు, బానెట్టు కింద రెండు కార్బొరేటర్లు. ఒకప్పుడు పందేల్లో ఉరికిందట. అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆమెకు కావలసింది బర్రె. రావిర్యాలలో ఒకదాన్ని చూసి మాట కూడా అనుకుంది, దాన్ని కట్టేయడానికి తలుగు తాడు కొని దూలానికి వేలాడదీసింది. కారు కొంటానని బాలాపూర్ ఆయనొకడు వచ్చి పోతూనే ఉన్నాడు.

"గీ కారు ఎన్నడమ్ముతవయ్యా?" అని అమ్మ అడిగితే బాపు, "టైమింగు కుదరనీ, అమ్మేస్త. బర్రెను తెచ్చుకుందువు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే.

టైమింగు సంగతి నాకు అప్పుడు తెలిసింది ఇంతే. ఇంజనులో నిప్పురవ్వ పడాల్సిన క్షణానికే పడాలి. ముందే పడితే ఎత్తు మీద లోపల గలగలమంటుంది, ఆలస్యంగా పడితే కారు బద్ధకంగా ఈడ్చుకుంటూ పోతుంది. ఆ రవ్వను పంచే డబ్బానే డెల్కో. దాని బోల్టు వదులు చేసి, డబ్బాను వెంట్రుకవాసి ఇటో అటో తిప్పడమే పనంతా. కారు అమ్మిన సలీం చాచా ఒకసారి మా ఇంటికొచ్చి లైటు పెట్టి పుల్లీ మీద టైమింగు గీత చూపించాడు. పోతూ పోతూ, "గీత సూస్తే సాలదు భాయ్. బరువేసుకొని ఎత్తెక్కాలె, అప్పుడు అదే చెప్తది" అన్నాడు.

ఆ మాట బాపు పట్టుకున్నాడు. ప్రతి ఐతారం పొద్దున్నే వెనక సీట్లో అమ్మనూ నన్నూ, మా కాళ్ళ దగ్గర బియ్యం బస్తానూ, డిక్కీలో గ్రైండరు రాయినీ వేసుకుని, మామిడిపల్లి దాటి పహాడీ షరీఫ్ వైపున్న ఎత్తుకు తోలేవాడు. పై గేరులో వేసి పెడలు పూర్తిగా తొక్కేవాడు. ఊళ్ళోవాళ్ళు మేము షికారుకు పోతున్నామనుకునేవాళ్ళు, నేనూ అట్లాగే అనుకునేదాన్ని. అమ్మ సర్వపిండి, పచ్చి పులుసు కట్టుకొచ్చేది. వానలు వెనకబట్టే రోజుల్లో గుట్ట కింద సీతాఫలాలు దొరికేవి, చలికాలం రేగుపళ్ళు, ఎండాకాలం వేడెక్కిన సీటు రెగ్జిన్ తొడలకు అంటుకునేది. దసరాకు బంతిపూల దండ వేసి తోలితే పూరేకులు కిటికీలోంచి నా ఒళ్ళో పడేవి.

అసలు చిక్కు బాపు చెవులతో. ఏళ్ళ తరబడి ఆయిల్ ఇంజను పక్కనే నిద్రపోయిన మనిషికి సన్న చప్పుడు వినిపించేది కాదు. మొదటి ఐతారమే అమ్మ, "ఏందయ్యా, బియ్యంల రాళ్ళున్నట్టు గలగలమంటున్నది?" అంది. అప్పటినుంచి ఎత్తు మీద తీర్పు ఆమెదే. నెత్తి మీద విమానం ఉంటే పోయేదాకా ఆగి, అప్పుడు ఎక్కించేవాడు. పైకి చేరగానే వెనక్కి తిరిగి, "రాళ్ళున్నయా?" అనేవాడు. "ఉన్నయి" అనేది. దిగి బానెట్టెత్తి, డబ్బా తిప్పి, మళ్ళీ కిందికి దించి మళ్ళీ ఎక్కించేవాడు. రాళ్ళు పోతే లాగుడు పోయేది, లాగుడు వస్తే రాళ్ళు వచ్చేవి. ఎండ ముదిరాక, "అయితే వచ్చే ఐతారం సూద్దాం" అనేవాడు. వారమంతా డెల్కో లోపలి పాయింట్లు గీకుతూ, స్ప్రింగులు, మూతలు మారుస్తూ, అన్నం అడిగి పెట్టించుకుని తినేవాడు.

ఒక ఐతారం కారు ఎత్తు ఎక్కింది. ఎక్కింది అంటే, ఎత్తే లేనట్టు ఎక్కింది. సీటు నా వీపును వెనక్కి నొక్కింది. నేను చెవి రిక్కించి విన్నాను. గలగల లేదు, ఈడ్పు లేదు, ఒకటే గొంతు. పైన ఆపి బాపు అడగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. అద్దంలో ఆయన ముఖం కనిపించింది. అరుగు మీద కూర్చున్న రోజుల ముఖం అది.

నాకు తెలిసిందల్లా ఇక బర్రె వస్తుందని. "బాపూ, లెవ్వు" అందామని నోరు తెరిచాను. అమ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది. ఆమె కూడా అద్దంలోకే చూస్తోంది.

"ఇంకా రాళ్ళున్నయి" అంది.

బాపు తిరిగి చూశాడు. "నిజంగనా?"

"జరన్ని. ఉన్నయి."

ఆయన తలుపు తీసుకుని గబగబా దిగి బానెట్టు ఎత్తాడు. అమ్మ సర్వపిండి మూట విప్పింది. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది, తర్వాత అదీ పోయింది.

ఆ తర్వాత ఎన్ని ఐతారాలు పోయామో లెక్క లేదు. చివరికి బాపుకు విమానాశ్రయంలో ట్రాలీలు తోసే పని దొరికి, ఐతారాలు డ్యూటీలోకి పోయాక, కారును బాలాపూర్ ఆయన లారీలో ఎక్కించుకుపోయాడు. బర్రె రాలేదు. అప్పటికి కట్టేయడానికి జాగా ఏది, మేపడానికి చేను ఏది. సీతాఫలాల చెట్లున్న చోట ఇప్పుడు ప్లాట్లకు రాళ్ళు పాతారు. తలుగు దూలానికే ఉండి చీకిపోయింది.

మొన్న ఐతారం అమ్మను నా కారులో అటువైపు తీసుకుపోయాను. ఈ కారుకు డెల్కో లేదు, టైమింగు అదే చూసుకుంటుంది, ఎవరూ వినక్కర్లేదు. అమ్మ అలవాటుగా వెనక సీట్లోనే కూర్చుంది. మామిడిపల్లి దాటి ఎత్తు ఎక్కుతుంటే అద్దంలో చూశాను. తల కొంచెం పక్కకు వంచి వింటోంది. ఏసీ గాలి తప్ప ఏ చప్పుడూ లేదు.

పైకి చేరాక అంది, "ఇంకా రాళ్ళున్నయి."

కారు పక్కకు ఆపాను. ఏం అనాలో నాకు తెలుసు. బాపులాగే సీట్లో వెనక్కి తిరిగాను.

"అయితే వచ్చే ఐతారం సూద్దామమ్మా" అన్నాను.