ఛైర్మన్ ప్రసంగంలో దూరిన మాధవి

నా జీవితంలో నేను చేసిన తప్పులన్నిటినీ వరసగా నిలబెడితే ఆ వరస శింగనమలలో మొదలై గుత్తి కోట ఎక్కి దిగుతుంది. అందులో అందరికంటే ముందు, ఛాతీ విరుచుకుని నిలబడే తప్పు గురించి ఇప్పుడు చెబుతాను. కంప్యూటర్ తెర మీద ఒకే ఒక్క విండోతో ఒక ఛైర్మన్ పరువును, ఒక అధికారి గురకను, నా ఉద్యోగాన్ని పది నిమిషాల్లో బజారుకెక్కించిన ఘనురాలిని నేను. మీరు నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు, చెమటలొచ్చాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. శింగనమలలో శనక్కాయ రైతుల సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఆ కంప్యూటర్ ఎంత ముసలిదంటే, ఆన్ చేసి వెళ్లి టీ తాగి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. ఎవరో చెబితే దాంట్లో పాత సిస్టమ్ తీసేసి, లినక్స్ అనే తేలికపాటిది వేశాను. కోడెదూడలా లేచి గెంతింది! ఇక నా కాళ్లు నేల మీద ఆగలేదు. సెట్టింగులన్నీ తవ్వుకుంటూ పోతే ఒక వింత దొరికింది. ఒక్కో ప్రోగ్రామ్ విండోని విడిగా, ఎంత కావాలంటే అంత పలచన చేయొచ్చట. నూరు శాతం పెడితే గోడ. యాభై పెడితే పలచటి చీరకొంగు, వెనకున్నదంతా కనబడిపోతుంది. సున్నా పెడితే విండో అక్కడే ఉంటుంది, కంటికి మాత్రం ఆనదు.

ఇక నన్ను పట్టేవాళ్లెవరు? చాటింగ్ విండోకి నలభై పెట్టాను. గుత్తిలో ఉండే నా స్నేహితురాలు మాధవితో కబుర్లాడుతుంటే, దూరం నుంచి చూసేవాళ్లకు నేను తెగ పని చేస్తున్నట్టే ఉండాలి కదా! రైతుల పేర్ల పట్టిక ఉన్న విండోకి, ఊరికే సరదాకి, సున్నా పెట్టాను. సరిగ్గా అప్పుడే ఓబులేసు తాత వచ్చాడు.

"నా పేరు పట్టీలో ఉండాదా పాపా?"

"ఉండాది తాతా. కనబడదు, అంతే."

తాత ఖాళీ తెర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి నిట్టూర్చాడు. "మా చేన్లో బోరు మాదిరే. నీళ్లుండాయంటారు. కనబడవు, అంతే."

అప్పుడైనా నాకు బుద్ధి రావాలా, వద్దా? రాలేదండీ.

మా ఛైర్మన్ నారాయణప్ప గారు గొంతు విప్పితే మైకు దండగ. కానీ కాగితం చూసి చదవాల్సి వస్తే తల పూర్తిగా దించేస్తారు. అవతలివాళ్లకు ఆయన బట్టతల తప్ప ఇంకేమీ కనబడదు. సంఘానికి కాయలు ఒలిచే యంత్రం కావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నాం. ఒలిచి ఒలిచి ఆడవాళ్ల గోళ్లు అరిగిపోయాయి. దాని గురించి అనంతపురంలోని పెద్ద అధికారితో ఆ ఉదయం పదకొండింటికి వీడియో మీటింగు. ఇదే ఆఖరి అవకాశం అన్నారు.

"ఏమ్మా సుజాతా, తల దించకుండా చదివే ఉపాయం ఏమన్నా ఉండాదా?" అని అడిగారు ఛైర్మన్.

"ఉండాది సార్! ప్రసంగాన్ని పలచగా చేసి, తెర మీద ఆఫీసరు మొగం మీదే పెడతా. మీరు ఆయన కండ్లల్లోకి చూసి మాట్లాడినట్లే ఉంటాది."

"ఆయప్పకు కనబడదు కదా?"

"చస్తే కనబడదు సార్."

ప్రసంగం విండోకి యాభై శాతం పెట్టి, అన్నిటికీ పైనే ఉండేలా కట్టేశాను. దాని వెనక వీడియోలో అధికారి ముఖం. చూడముచ్చటగా ఉంది. చాటింగ్ మూసేయడం ఒక్కటే మరిచిపోయాను.

ఛైర్మన్ వెనక ఇరవై మంది రైతులు కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు. సరిగ్గా అదే క్షణంలో మాధవి నుంచి ఏదో మెసేజ్ వచ్చింది. చాటింగ్ విండో ఎగిరి దూకింది. ప్రసంగాన్ని దాటి పైకి రాలేక, దాని వెనకే, అధికారి ముఖం మీద నిలబడింది. పొద్దున నేను మాధవికి రాసిందంతా ప్రసంగంలోంచి తొంగిచూస్తోంది. రెండూ పలచనివే, రెండూ తెలుగే! ఛైర్మన్ గారు కనబడిందల్లా చదువుకుంటూ పోయారు.

"గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు. మా రైతులు వర్షాలు లేక... ఒసేయ్ మాధవీ... తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. మౌసు పట్టుకుందామంటే అది ఆయన గుప్పెట్లో, పారిపోబోయే కోడిపిల్లలా ఇరుక్కుని ఉంది.

"సార్, ఆపండి సార్!" అని గుసగుసగా బతిమాలాను.

"ఉండమ్మా, బాగా పోతాండాది!" అని మళ్లీ అందుకున్నారు. "గత కొన్నేళ్లుగా యంత్రం కోసం విన్నవించుకుంటున్నాము. ఆ ఆఫీసరు పోయిన మీటింగులో కండ్లు తెరుచుకునే నిద్రపోయినాడు. గురక నాకు వినబడింది. మా ఛైర్మనుకేమో గట్టిగా అడిగే దమ్ము లేదు. కావున దయతో మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాము. ఇట్లు, మీ విధేయుడు, పోవే."

అధికారి ముఖం రెండు విండోల వెనక దాక్కుంది. గొంతు మాత్రం వచ్చింది.

"నారాయణప్ప గారూ, గురక నిజంగా వినబడిందా?"

తాను ఏం చదివారో ఛైర్మన్‌కు సగమే తెలుసు. కానీ అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయన వంశంలో లేదు. "వినబడింది సార్," అన్నారు.

"నాకూ వినబడింది సార్!" అని వెనక నుంచి ఓబులేసు తాత.

స్పీకర్లోంచి దగ్గో నవ్వో తెలియని శబ్దం వచ్చింది. "సోమవారం నేనే వచ్చి చూస్తాను," అని అధికారి మీటింగు ముగించారు.

అన్నట్టే వచ్చారు. అరిగిపోయిన గోళ్లు చూశారు. నెల తిరక్కుండా యంత్రం కూడా వచ్చింది. అది వచ్చిన రోజు ఛైర్మన్ నన్ను పిలిచారు.

"సుజాతా, నిజం చెప్పు. ఎవరమ్మా ఆ మాధవి?"

ఉద్యోగం మీద ఆశ వదులుకుని అంతా చెప్పేశాను. "అది ప్రసంగం కాదు సార్. నా స్నేహితురాలికి నేను రాసుకున్న చాటింగు."

ఆయన మీసం దువ్వుకున్నారు.

"ఇన్నేండ్లు మర్యాదగా అడిగితే రాని మిషను ఒక్క దెబ్బకు వచ్చింది. వచ్చే వారం మంత్రి వస్తాండాడు. నువ్వు ప్రసంగం రాయొద్దు తల్లీ. మాధవికి జాబు రాయి. నేను మంత్రికి చదువుతా."

కాబట్టి పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా కంప్యూటర్లో ప్రతి విండో నూటికి నూరు శాతం గోడలాగే నిలబడుతుంది. ఒక్క శాతం కూడా తగ్గించను. ఇక మాధవికి ఏదైనా చెప్పాలనిపిస్తే, బస్సెక్కి గుత్తికి పోయి, తలుపు గడియ పెట్టి, చెవిలో చెబుతాను.