దండ లేని ఫొటో

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో మా ట్రాయ్ ఊళ్ళో కిరాణా కొట్ల ముందు కూడా చామంతి కుండీలు బారులు తీరతాయి. గుమ్మడికాయల పక్కన పసుపువి, తెల్లవి, ఇటుక రంగువి. మా వీధిలో ప్రతి గుమ్మానికీ రెండేసి కుండీలుంటాయి, మా గుమ్మానికి తప్ప. మిషిగన్ వచ్చి పదకొండేళ్ళయినా ఒక్క ఏడాది కూడా నేను పెట్టలేదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. "అమ్మా, అందరి పోర్చ్‌లో మమ్స్ ఉంది. మనకి ఎందుకు లేదు?" అని ఏటా అడుగుతుంది. చామంతుల్ని ఇక్కడ మమ్స్ అంటారు. ఎలర్జీ అని చెప్పి తప్పించుకునేదాన్ని. దేవుడి దగ్గర అదే పువ్వు పెడుతూ ఒకసారి దొరికిపోయాను.

అసలు సంగతి ఇటలీలో మొదలైంది. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకి కార్ల కంపెనీలో ఉద్యోగమని ట్యూరిన్ వెళ్ళాం. అక్కడ నాలుగేళ్ళున్నాం. మాది మూడో అంతస్తు. మా కింద ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. బిల్డింగ్‌లో అందరూ ఆవిడని సిన్యోరా అనేవారు, మన అమ్మగారు లాగా. భర్త పోయాడు, పిల్లల్లేరు. డెబ్బై దాటినా, చెత్త పారేయడానికి దిగాలన్నా లిప్‌స్టిక్ వేసుకునే దిగేది.

ఆవిడతో నాకు పరిచయం మిక్సీ వల్ల అయింది. వెళ్ళిన వారానికి, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు కొబ్బరి పచ్చడి చేస్తున్నాను. కింద నుంచి ఎవరో చీపురు కర్రతో కప్పు మీద కొట్టారు. కింద ఏదో రిపేరు జరుగుతోందనుకుని మిక్సీ మళ్ళీ తిప్పాను. మళ్ళీ కొట్టారు. ఐదు నిమిషాల్లో ఆవిడ మా గుమ్మంలో నిలబడి గడియారం చూపిస్తోంది. భోజనాలయ్యాక రెండు గంటలు ఎవరూ చప్పుడు చేయకూడదని ఆ బిల్డింగ్‌లో రూలు. మెట్ల దగ్గర కాగితం కూడా అంటించి ఉంది, నాకు చదవడం రాదంతే. పోట్లాటకి వచ్చిన మనిషికి పోపు వాసన తగిలింది. ఒకసారి వంటింటి వైపు చూసి, "పెర్మెస్సో?" అంది. లోపలికి రావచ్చా అని. తలుపు బార్లా తీసి రమ్మన్నా సరే, గడప దాటేముందు అక్కడ ఆ మాట అనాల్సిందే. ఆ రోజు పచ్చడి సగం గిన్నె ఖాళీ చేసి వెళ్ళింది.

ఆ తర్వాత నాకు ఆ ఊరు నేర్పింది ఆవిడే. పొద్దున పదకొండు దాటాక పాల కాఫీ అడిగితే పరువు పోతుందని, కూరగాయల బండి దగ్గర కాయల్ని మన చేత్తో ముట్టుకోకూడదని, తడి జుట్టుతో బయటికెళ్తే చచ్చిపోతామని. చివరిది తప్ప అన్నీ నిజమే. ఆవిడ మాట్లాడేది ఇటాలియన్, కానీ కొన్ని నెలలకి నా చెవికి అది మా అమ్మమ్మ కృష్ణా జిల్లా తెలుగులా వినిపించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆవిడ మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి. మా ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. నాకు ఆ ఊళ్ళో మనిషంటే ఆవిడే.

మొదటి ఏడాది అక్టోబర్ చివర్లో ఆవిడ గుండె పరీక్షలకని వారం రోజులు ఆస్పత్రిలో ఉంది. తిరిగొస్తోందని తెలిసి నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మార్కెట్‌కి వెళ్తే ఎటు చూసినా చామంతులే! కార్తీక మాసంలో ఇంత దూరంలో చామంతులు దొరకడం నా అదృష్టమనుకున్నాను. ఉన్నవాట్లో పెద్ద కుండీ, తెల్లది, ఎంచుకున్నాను. పువ్వులమ్మే అతను ఊదా రంగు రిబ్బన్ కట్టి, నా చెయ్యి పట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని మెల్లగా ఏదో అన్నాడు. ఎంత మర్యాదస్తులో అనుకుని పళ్ళికిలించి థాంక్స్ చెప్పాను.

ఆవిడ తలుపు తీసింది. కుండీ వంక చూసింది, నా వంక చూసింది.

"నేనింకా పోలేదే పిల్లా" అని తలుపు మూసేసింది.

రాత్రి మా ఆయన ఆఫీసులో ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ దేశంలో చామంతులు చచ్చినవాళ్ళకి మాత్రమే. నవంబర్ రెండున అందరూ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళే పువ్వులవి, అందుకే మార్కెట్ నిండా ఉన్నాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషికి, అదీ గుండె జబ్బు మనిషికి, నేను చావు పువ్వులు పట్టుకెళ్ళాను. మర్నాడు క్షమించమని చీటీ రాసి తలుపు కింద తోశాను. జవాబు లేదు. మూడో రోజు తెగించి, మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి ఖాళీ మిక్సీ తిప్పాను. చీపురు కర్ర చప్పుడు వస్తే చాలనుకున్నాను. రాలేదు. ఆ వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. అత్తగారింటికి వెళ్ళేటప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

నవంబర్ రెండు పొద్దున తలుపు చప్పుడైంది. ఆవిడే. నల్ల కోటు, లిప్‌స్టిక్, చేతికర్ర.

"ఆ కుండీ పారేశావా?"

"లేదు."

"తీసుకురా. మంచి పువ్వులు, దండగ చేయడమెందుకు? ఎవరికివ్వాలో చూపిస్తా పద."

ట్రామ్‌లో శ్మశానానికి వెళ్ళాం, కుండీ నా ఒళ్ళో. అక్కడ శవపేటికల్ని గోడల్లో అరలు కట్టి, వరసలు వరసలుగా పెడతారు. ప్రతి అర ముందూ ఒక రాతి పలక, దాని మీద పేరు, కోడిగుడ్డు ఆకారంలో చిన్న ఫొటో. ఆవిడ భర్తది నాలుగో వరస. చక్రాల నిచ్చెన నెట్టుకొచ్చి నన్నెక్కమంది. కుండీ అక్కడ ఆగదు, గోడ కింద పెట్టాం. నాలుగు పువ్వులు తుంచి, పలకకి బిగించిన చిన్న పువ్వుల గొట్టంలో గుచ్చాను, ఆయన ఫొటో తడిగుడ్డతో తుడిచాను. "ఇదిగో, పై ఇంటి పిల్ల. నాకు చామంతులు తెచ్చిందే, ఆ పిల్ల" అని కింద నుంచి ఆయనకి నన్ను పరిచయం చేసింది.

పక్క అర చూసి నిచ్చెన మీద నుంచి పడబోయాను. అక్కడున్న ఫొటో ఆవిడదే.

"భయపడకు. ఆ చోటు నాది. ఆ ఫొటోలో బాగా పడ్డానని ముందే పెట్టించాను. పోయాక ఎవరో ఏదో ముసలి ఫొటో పెడితే నేను లేచి మార్చుకోగలనా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా దగ్గర పోయినవాళ్ళ ఫొటోకి పూలదండ వేస్తామనీ, దండ లేదంటే ఆ మనిషి ఉన్నట్టేననీ వచ్చిన కాస్త ఇటాలియన్‌లో చెప్పాను. ఆవిడకి ఇది తెగ నచ్చింది.

"అయితే ఎవరూ దండ వేయనంతకాలం నాకు చావు లేదన్నమాట" అంది. నా చెయ్యి పట్టుకుని నిచ్చెన దింపుతూ, "ఏటా ఈయనకి నేను తెస్తున్నాను. రేపు నాకెవరు తెస్తారు?" అంది.

"నేను తెస్తాను" అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు. అయినా మాట మాటే.

మూడేళ్ళకి మేం అమెరికా వచ్చేశాం. ఆదివారం ఆదివారం ఆవిడకి ఫోన్ చేసేదాన్ని. మా ట్యూరిన్ ఇంట్లో వరసగా తెలుగు వాళ్ళే దిగుతున్నారు. ఇప్పుడు వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, మాస్టర్స్ చదువుతోంది. ఆ అమ్మాయి మిక్సీకి కూడా కింద నుంచి చీపురు కర్ర మోగేది. ఈ మార్చిలో ఆ అమ్మాయి నుంచే మెసేజ్ వచ్చింది, సిన్యోరా నిద్రలో పోయారని.

నేను ఏడవలేదు. ఎంత ప్రయత్నించినా నమ్మకం కుదరలేదు. ఆదివారం అలవాటుగా ఫోన్ తీసి, నంబర్ దాకా వెళ్ళి ఆగిపోయేదాన్ని. అక్టోబర్ వచ్చేసరికి నేనిచ్చిన మాట గుర్తొచ్చి ట్యూరిన్‌కి టికెట్లు వెతకడం మొదలుపెట్టాను. మా వీసా రెన్యూవల్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు ట్రావెల్ చేస్తే తిరిగి రానిస్తారన్న గ్యారంటీ లేదని లాయర్ చెప్పాడు. ఆ కోపం మా ఆయన మీద, లాయర్ మీద, చివరికి వంటింట్లో గిన్నెల మీద కూడా చూపించాను. ఆఖరికి వరంగల్ అమ్మాయికి ఫోన్ చేసి, నవంబర్ రెండున ఒక తెల్ల చామంతి కుండీ తీసుకెళ్ళమని బతిమాలాను. దండ మాట ఎత్తలేదు. ఎత్తలేకపోయాను.

ఆ రోజు మాకు పొద్దున, మా అమ్మాయిని స్కూల్‌కి తయారుచేస్తుంటే ఫోన్ మోగింది.

"అక్కా, ఏమనుకోకు. తెల్లవి అయిపోయినయ్, పసుపువే దొరికినయ్."

"నేను తెల్లవని చెప్పాను కదమ్మా!" అని గయ్‌మన్నాను.

"అది కాదక్కా. కుండీ పైన పెట్టనీకి జాగ లేదు. గొట్టమేమో విరిగిపోయింది. ఉత్తగ కింద పెట్టి వస్తే మంచిగనిపించలే. నా స్కార్ఫ్ దారం లాగి అక్కడ్నే కూర్చొని కట్టిన. ఫొటో పంపిన, చూడు."

తెరిచాను. నాలుగో వరసలో ఆయన, పక్కన ఆవిడ, లిప్‌స్టిక్‌తో, తనకి నచ్చిన ఆ మొహంతోనే. ఆ మొహం చుట్టూ పసుపు చామంతి దండ. ముళ్ళు వదులుగా ఉన్నాయి, ఒక పక్కకి జారింది. ఆ అమ్మాయి ఇంకా సారీ చెబుతూనే ఉంది. మంచి పని చేశావని చెప్పబోయాను. ఎనిమిది నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మా అమ్మాయి షూ లేసులు వదిలేసి వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"అమ్మా, మీ ఇటలీ ఆంటీనా? షి డైడ్?"

"అవును నాన్నా."

"ఎప్పుడు?"

"ఇవాళ" అన్నాను.