ఎగిరే కారుకు ఆఫీసు ముద్ర

2008 వేసవిలో నన్ను కర్నూలు నుంచి కోయిలకుంట్లకు ఆవల ఒక మండల కేంద్రానికి బదిలీ చేశారు. హోదా టెలిఫోన్ సంస్థలో సబ్ డివిజనల్ ఇంజనీరు. ఊరి పేరు రాయడం లేదు. ఈ సంగతిలోని మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. మా ఉద్యోగంలో మెట్లు ఇలా ఉండేవి: స్తంభం ఎక్కి తీగ పట్టుకునేవాడు లైన్‌మన్, అతని పైన జూనియర్ టెలికం ఆఫీసరు, ఆ పైన నేను, నా పైన నంద్యాలలో డివిజనల్ ఇంజనీరు. నా ఎక్స్ఛేంజిలో జూనియర్ ఆఫీసరు కుర్చీ ఖాళీగా ఉండేది కాబట్టి ఆ పనీ నేనే చూసేదాన్ని.

ఇళ్ళలో ఫోన్లు తీయించేసి సెల్‌ఫోన్లు కొనుక్కుంటున్న రోజులవి. మాకు మిగిలిన ఆశ బ్రాడ్‌బ్యాండు. పాత ఫోన్ తీగ మీదే ఇంటర్నెట్ పంపే యంత్రం, మనిషెత్తు ఇనుప బీరువా లాంటిది, మా ఎక్స్ఛేంజికి అంతకు ముందు ఏడాదే వచ్చింది.

ఫిర్యాదుల పద్ధతి కూడా చెప్పాలి. వినియోగదారుడు ఫోన్ చేస్తే గుమస్తా అతని మాటను అతని మాటలోనే రిజిస్టరులో రాస్తాడు. లైన్‌మన్ వెళ్ళి వేగం కొలుస్తాడు. వేగం సరిగా ఉంటే ‘లైన్ ఓకే’ అని రాసి ఫిర్యాదు మూసేస్తాడు. ఒకే నంబరు నుంచి నెలలో నాలుగోసారి ఫిర్యాదు వస్తే అది రిపీట్ ఫాల్ట్. అప్పుడది నా బల్ల మీదికి రావాలి.

అలా ఒక సోమవారం పొద్దున వచ్చింది. కుర్చీలో కూర్చునే ముందు ఒక నిమిషం ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. కళ్ళు తెరిచి రిజిస్టరు చూస్తే, నాలుగు వరుసల్లోనూ ఒకటే మాట: ‘కారు ఎగురుతోంది.’

లైన్‌మన్ మద్దిలేటి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడు. “మేడం, ఇది ఆర్టీవో ఆఫీసుకు పోవాల్సిన కాయితం. దోవ తప్పి మనకొచ్చిండాది,” అన్నాడు. గుమస్తా నవ్వాడు. నేనూ నవ్వానని ఒప్పుకోవాలి.

ఆ నంబరు బస్టాండు పక్కన టైర్ల కొట్టు పైన ఉన్న నెట్ సెంటరుది. ఏడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకు మక్కా పటం. యజమాని మహబూబ్ బాషాను అందరూ మాబాషా అనేవారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. పదేళ్ళు నాపరాళ్ళ లారీ తోలి, నడుము దెబ్బతిని, డాక్టరు వద్దనడంతో స్టీరింగు వదిలి ఈ సెంటరు పెట్టుకున్నాడు. నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆటతో మొదలుపెట్టాడు. కంప్యూటరు ఆటలంటే నాకప్పటికి పిల్లల గొడవ. కానీ అతను చెబుతుంటే వినాలనిపించింది.

అది ఒక కార్ల పందెం ఆట. రెండేళ్ళకో మూడేళ్ళకో కొత్త భాగం వస్తుంది. పాత భాగాలన్నిటిలోనూ ముఖ్యమైనది ‘కెరీర్’. పాత డొక్కు కారుతో మొదలుపెట్టి, చిన్న పందేలు గెలిచి, మంచి కారు సంపాదించి, చివరికి పెద్ద పందెం దాకా ఒంటరిగా ఎక్కిపోవాలి. ఎంతదాకా వచ్చిందీ కంప్యూటరు గుర్తుంచుకుంటుంది. అలా మూడు భాగాలు మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేశాడు మాబాషా. సెంటరుకు వచ్చే డిగ్రీ కాలేజీ విద్యార్థులు అతని పక్కన కూర్చుని మలుపులు నేర్చుకునేవారట. కొత్త భాగంలో మాత్రం తయారుచేసినవాళ్ళు ఆలోచన మార్చేశారు. కెరీర్ మూడు రోజుల్లో అయిపోతుంది. అసలు ఆటంతా ఆన్‌లైన్‌లో, వేరే ఊళ్ళ మనుషులతో.

ఎందుకు మార్చి ఉంటారని అడిగాను.

“ఎందుకో వాళ్ళకే తెలియాల మేడం. నాకు తెలిసింది ఒకటే. పాతదాంట్లో ఎదురు కార్లు రాసిపెట్టినట్టు పోతాండె. యా మలుపులో యాడ బ్రేకు ఏస్తాయో నాకు నోటికొచ్చు. ఈడ అట్ల కాదు, మనిషి. మనిషి యాడ బ్రేకేస్తాడో వాడికే తెలీదు.”

ఆ మాట నన్ను పట్టుకుంది. మా నాన్న పల్లె చర్చి సంఘాల్లో ఉపదేశిగా పనిచేశాడు. గదిలో ఒంటరిగా చేసే ప్రార్థన ఎంత అవసరమో, సంఘంలో పదిమంది మధ్య నిలబడటం అంత అవసరమని చెప్పేవాడు. గదిలో మనకు ఎదురు ఉండదు. సంఘంలో పక్కవాడి గొంతుతో మన గొంతు కలవాలి.

మాబాషా గొంతు కలవడం లేదు. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప నెట్ సెంటర్లు కలిసి ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఆటలో పోటీ నడిపేవి. నిర్వహణ కడపలో ఒక సెంటరు యజమాని సుబ్బరాయుడిది. మాబాషా నా ఎదుటే అతనికి ఫోన్ చేసి స్పీకరు నొక్కాడు.

“ఏమప్పా మాబాషా, మళ్ళా ఏమి?” అంది ఆ గొంతు. “నీ కారు ఈడుండి మాయమై ఆడ తేల్తాది. మొన్న నా కారులో దూరి ముందరికొచ్చింది. నువ్వు లారీ తోలినావా, గారడీ చేసినావా?”

“లైను అన్నా అది. నేనేమీ పెట్టలేదు కంప్యూటర్లో.”

“దొంగ సాఫ్ట్‌వేరు పెట్టినోళ్ళంతా లైనే అంటారప్పా. లైనైతే లైనోళ్ళ కాయితం తీసుకురా. రెండు ఆదివారాలు చూస్తా. లేకుంటే నీ పేరు కొట్టేస్తాం, ఎందుకు కొట్టేసినామో కూడా రాస్తాం.”

మాబాషా ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. “ఓడిపోతే ఓడిపోతి. దొంగ అన్నాక ఈ సెంటర్లో ఎవురు కూర్చుంటారు మేడం? పదేండ్లు లారీ తోలినా, నా మీద ఒక్క కేసు లేదు,” అన్నాడు.

నేను వేగం కొలిచాను. రావాల్సినంతా వస్తోంది. మా పద్ధతి ప్రకారం లైను నిర్దోషి. ‘లైన్ ఓకే’ అని రాయడానికి పెన్ను తీశాను కూడా.

“వేగం సరే మేడం. ఆలస్యం యాడ కొలుస్తారు?” అన్నాడు అతను.

మా ఫారంలో ఆ గడి లేదు.

దాన్ని కొలిచే పద్ధతి మాత్రం ఉంది. పింగ్ అంటారు. దూరంగా ఉన్న కంప్యూటరుకు ఒక చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూడటం. అతని ముందు కూర్చుని కడప సెంటరుకు కొలిచాను. ఎక్స్ఛేంజికి వెళ్ళి యంత్రం పక్కన అదే చిరునామాకు కొలిచాను. సెంటరులో పట్టే సమయం దాదాపు మూడింతలు. మిగతా ఆరు కంప్యూటర్లలో పాటలు దించుకుంటున్నారేమోనని వాటిని ఆపించి మళ్ళీ కొలిచాను. తేడా లేదు. అంటే ఆలస్యమంతా ఎక్స్ఛేంజికీ అతని సెంటరుకూ మధ్య ఉన్న అర కిలోమీటరు తీగలోనే జరుగుతోంది. అర కిలోమీటరు కరెంటుకు ఒక లెక్క కాదు. కడప దాకా వెళ్ళి రావడానికి పట్టనంత సేపు ఆ సందు దాటడానికి ఎందుకు పడుతుందో నాకు అంతుబట్టలేదు. వారమంతా అదే ఆలోచన.

ఆదివారం ఆరాధనలో కీర్తన పాడుతున్నాం. ఎండకు బయట షామియానా వేసి, లోపల చోటు చాలనివాళ్ళను అక్కడ కూర్చోబెట్టారు. వాళ్ళ గొంతు మాకంటే అర తాళం వెనక వస్తోంది. నా పక్కనున్నావిడ విసుక్కుంది. చిన్నప్పుడు నేనూ అలా విసుక్కుంటే మా నాన్న అన్న మాట గుర్తొచ్చింది: వాళ్ళు తప్పు పాడటం లేదమ్మా, పాట వాళ్ళకు చేరడమే ఆలస్యం. కీర్తన ముగియకముందే నాకు నా తప్పు తెలిసిపోయింది. దేవుడు మనిషిని హెచ్చరించే దారులు చాలా ఉంటాయి. ఆ వేళ నాకు తాళంతో చెప్పాడు.

తప్పు ఇది. ఆ ఎక్స్ఛేంజికి వచ్చిన కొత్తలో మా పెద్ద తలనొప్పి బ్యాంకు లైను. పొలాల్లో బోరు మోటార్లకు కరెంటు వచ్చినప్పుడల్లా స్టార్టర్ల రొద తీగల్లోకి ఎక్కి, లైను తెగిపోయేది. దానికి మందుగా ఇంటర్‌లీవింగ్ అనే ఏర్పాటు ఉంది. ఒక ఉత్తరాన్ని ముక్కలు చేసి, ఇతర ఉత్తరాల ముక్కలతో కలగలిపి పంపడం లాంటిది. దారిలో కొన్ని పాడైనా, అవి అన్నిట్లోంచీ కొంచెం కొంచెమే పోతాయి కాబట్టి మిగతా వాటితో పూరించుకోవచ్చు. కానీ ముక్కలన్నీ చేరేదాకా ఆ కొసన చదవడానికి వీల్లేదు. బ్యాంకుకు ఆ ఆగడం తెలియదు. పందెంలో ఉన్న కారుకు తెలుస్తుంది: అది ఎక్కడుందో అవతలివాళ్ళ తెరకు ఆలస్యంగా చేరి, ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంది. నేను బ్యాంకు ఒక్కదానికే కాక, ఒక మధ్యాహ్నం కూర్చుని ఊళ్ళో లైన్లన్నిటికీ దాన్ని గరిష్ఠంగా పెట్టేశాను. ఫిర్యాదులు తగ్గాయి. నంద్యాల నుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

సోమవారం మాబాషా లైనుకు దాన్ని తీసేశాను. ఆలస్యం పడిపోయింది, కానీ పొలాల మోటార్లకు త్రీఫేజు కరెంటు రాగానే గంటలో ఆరుసార్లు లైను తెగింది. రొద ఎక్కేది వదులు అతుకుల్లోంచే కాబట్టి అతుకులు చూడాలి. రోడ్డు పక్కన తీగలు చీలే పచ్చ పెట్టెను మేం పిల్లర్ అంటాం. మద్దిలేటి దాన్ని తెరిచి, చేతితో మెలిపెట్టి వదిలేసిన అతుకులు చూసి తల గోక్కున్నాడు.

“ఈ ముడి నేనే ఏసింటి మేడం. వాన పడతాండె. రేపొచ్చి బాగ చేద్దామనుకుంటి.”

“ఎప్పటి వాన?”

“ముందరి ఏడుదో, అంతకు ముందరిదో.”

అతన్ని ఏమనగలను? రెండు రోజులు కూర్చుని పిల్లర్ నుంచి సెంటరు దాకా ప్రతి అతుకూ కొత్తగా వేశాడు. లైను నిలబడింది. బుధవారం మోటార్లు నడుస్తుండగా మాబాషా గంటసేపు ఆడి చూసుకున్నాడు.

ఇక కాయితం. లైను లోపం మాదేనని వినియోగదారుడికి రాసివ్వడం మా డివిజన్‌లో నేను ఎరగను. నంద్యాలకు ఫోన్ చేస్తే డివిజనల్ ఇంజనీరు గారు మంచిగానే సలహా ఇచ్చారు: ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాసి వదిలేయమని. ఆ మాట అబద్ధం కాదు. కానీ దాన్ని చదివితే కారణం ఎవరో తెలియదు, అనుమానం మాబాషా మీదే ఉండిపోతుంది. పొరుగువాడి విషయంలో సాక్ష్యం ఎలా చెప్పాలో నేను బడికి వెళ్ళకముందే నేర్చుకున్నాను. సగం చెప్పిన సాక్ష్యం ఎటు వాలుతుందో కూడా మా నాన్న నేర్పాడు.

నాలుగు వాక్యాలు రాశాను. ఫలానా నంబరు లైనులో ఫలానా తేదీల మధ్య అధిక ఆలస్యం ఉండేది. అది ఎక్స్ఛేంజిలో నేను చేసిన అమరిక వల్ల, మా సిబ్బంది వేసిన అతుకుల వల్ల వచ్చింది. వినియోగదారుడి పరికరాలతో దానికి సంబంధం కనబడలేదు. ఫలానా తేదీన సరిచేశాం. సంతకం పెట్టి, హోదా రాసి ఇచ్చాను. మాబాషా దాన్ని ఫ్యాక్సు చేసిన పావుగంటకే తిరిగొచ్చాడు.

“ముద్ర యాడ అంటాండాడు మేడం. ముద్ర లేకుంటే ఎవురైనా రాసుకుంటారంట.”

గుండ్రటి ఆఫీసు ముద్ర తీసి నేనే వేశాను. కార్ల పందెం కాయితానికి ఆ ముద్ర పడటం బహుశా అదే మొదలు.

రెండో ఆదివారం ఆరాధన ముగిశాక, చేతి సంచిలో కీర్తనల పుస్తకంతోనే ఆ సెంటరుకు వెళ్ళాను. మద్దిలేటి నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. పందెం పన్నెండు నిమిషాలు. మాబాషా లారీ తోలినట్టే నిటారుగా కూర్చుని ఆడాడు. నాలుగో స్థానంలో వచ్చాడు.

స్పీకరులో సుబ్బరాయుడి గొంతు వినబడింది. “బాగుండాదప్పా. ఇప్పుడు నీ కారు నేల మీద పోతాండాది. అందుకే ఓడిపోయినావు.”

“ఓడిపోతే నేనే ఓడిపోతి కదన్నా,” అన్నాడు మాబాషా. “లైను కాదు కదా.”

“పేరు ఉంచినాంలే. కాయితం గోడకు అతికించినా.”

ఆ కాయితం నకలు నంద్యాలకూ చేరింది. నాకు మెమో వచ్చింది. అంటే సంజాయిషీ అడిగే ఉత్తరం. జరిగింది జరిగినట్టు రాశాను. ‘ఇకముందు జాగ్రత్త వహించవలెను’ అన్న ముగింపుతో ఫైలు మూశారు. అది న్యాయమే.

తర్వాత ఫాల్ట్ రిజిస్టరులో ‘వేగం’ పక్కన స్కేలుతో గీత గీసి ‘ఆలస్యం’ అని ఒక గడి చేర్చాను. బ్యాంకు లైనును పాత అమరికలోనే ఉంచాను. దానికి అదే మంచిది. మిగతావి ఒక్కొక్కటే కొలుస్తూ పోతే, మాబాషా లాగే ఇబ్బంది పడుతున్నవాళ్ళు మరో ముగ్గురు బయటపడ్డారు. వాళ్ళు ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. ఏమని చెప్పాలో తెలియలేదన్నారు.

లైను బాగుందా అన్న ప్రశ్నకు, దేనికి బాగుందో అడగకుండా జవాబు లేదని నేను నేర్చుకున్నాను. దాన్ని ఎక్స్ఛేంజిలో కూర్చుని కాక, వాడేవాడి కుర్చీలో కూర్చుని చూడాలనీ నేర్చుకున్నాను. ఫిర్యాదును చేసినవాడి మాటలోనే గుమస్తా రాయాలన్న నియమం ఎంత మంచిదో కూడా అప్పుడే తెలిసింది. ‘కారు ఎగురుతోంది’ అన్నది ఆ ఏడాది మా రిజిస్టరులోకెల్లా కచ్చితమైన ఫిర్యాదు. దాని ఎదురుగా మూడుసార్లు ‘లైన్ ఓకే’ అని రాసింది మేము.