చూడకుండా రాసిన మాట

చాలా ఏళ్లుగా ఒక మాటను గుండెల మీద కుంపటిలా మోస్తున్నాను. చిన్న మాటే. రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో, బోర్డు మీద సుద్దముక్కతో రాసింది. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే ఈ కాగితం మీద నీకు చెప్పగలుగుతున్నాను.

నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక. విడవలూరు దగ్గర చెరువుల పనికి కుదిరినప్పుడు వేలిముద్ర మనిషిని. తరువాత అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. చదవడం వచ్చింది గానీ రాయాలంటే చెమట పట్టేది. ఎవరైనా వెనక నిలబడితే చెయ్యి ఆగిపోయేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. చెరువులో ఒక పళ్లెం వేలాడుతుంటుంది, చెక్ ట్రే అంటాం. మేత వేసిన కొంతసేపటికి దాన్ని పైకి లాగి చూడాలి. మేత మిగిలిందంటే రొయ్య తినడం లేదని. తరువాతి మేత తగ్గించాలి. పగటి మనిషి తాను చూసింది బోర్డు మీద రాసి పోతాడు. రాత్రి మనిషి ఆ రాతను నమ్మి మేత వేస్తాడు.

రాత్రి పని మస్తాన్‌ది. నాకంటే చిన్నవాడు, నవ్వులాటల మనిషి. “ఏందన్నా, నీ అక్షరాలకు చలిజొరం వచ్చినట్టుండాదే” అనేవాడు. ప్రేమగానే. నాకు మాత్రం గుచ్చుకునేది. అందుకని అతను వచ్చేలోగా, ఒక్కోసారి ట్రే చూడకముందే, రాసేసేవాణ్ని. తరువాత పోయి చూసి, తేడా ఉంటే దిద్దేవాణ్ని.

ఆ సాయంత్రం ‘మేత తిన్నాయి’ అని రాశాను. వాన మొదలైంది. అక్షరాలు ఎన్నడూ లేనంత చక్కగా కుదిరాయి. నేను ట్రే దగ్గరికి పోలేదు.

వానకు జంకానా? బద్ధకమా? లేక ఆ చక్కటి అక్షరాలను చెరపాల్సి వస్తుందనా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా, మూడో దాని దగ్గరే సిగ్గుతో ఆగిపోతాను.

మస్తాన్ బోర్డు చదివి, మామూలుగానే మేత వేశాడు. మబ్బు పడితే రొయ్య సరిగా తినదు. అలా మిగిలిన మేత మీద మళ్లీ మేత పడి, నీళ్లు పాడై, తెల్లారేసరికి గట్టు వెంబడి రొయ్యలు తేలాయి. ఓనరు వచ్చాడు.

“అన్న రాసింది చూసే వేసినాను సార్” అన్నాడు మస్తాన్.

ఓనరు నా వైపు తిరిగాడు. “నువ్వు ట్రే చూసినావా?”

“చూసినా.”

మస్తాన్ తల వంచుకున్నాడు. “అన్న చూసినాడంటే చూసినట్టే సార్. నేనే ఎక్కువేసినట్టుండా.”

ఆ రోజే అతని పని పోయింది. గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో బస్తాలు మోస్తున్నాడని తరువాత విన్నాను. నేను పనిలోనే ఉన్నాను. రాతలో చెప్పిన అబద్ధాన్ని కాపాడుకోవడానికి నోటితో ఇంకొకటి చెప్పాను, దాన్ని నమ్మినవాడు తన మీద తానే నింద వేసుకున్నాడు. దీనికేం పేరు పెట్టాలి?

చెరువుల పెత్తనం నా చేతికొచ్చాక ఒకే మాట పట్టుకున్నాను. చూస్తే రాయండి. చూడకపోతే చూడలేదని రాయండి, తిట్టను. అది ఎక్కడ నేర్చానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నిన్న సాయంత్రం రమణమ్మ, మా పగటి మనిషి, బోర్డు మీద ఇలా రాసి ఇంటికి పోయింది: ‘రెండో చెరువు ట్రే చూడలేదు. కాలు బెణికింది.’ రాత్రి పనికి వచ్చినవాడు అది చదివి, తానే పోయి ట్రే లాగి చూసి, మేత సగానికి తగ్గించాడు. ఈ పొద్దున రెండో చెరువులో రొయ్యలు చెంగుచెంగున ఎగురుతున్నాయి. నేను ఆ బోర్డు మీది రాతను మళ్లీ మళ్లీ చదివాను. ఇంత సులువైన మాటా అది? భయం లేకుండా రాసింది ఆమె.

రేపు గూడూరు పోతున్నాను. ఈ కాగితం మస్తాన్ చేతికి ఇవ్వను. రాత చాటున చాలాకాలం దాక్కున్నాను, ఇక చాలు. ఎదురుగా నిలబడి చెబుతాను. తిడతాడో, ముఖం తిప్పుకుంటాడో, అది అతని ఇష్టం. ముందు ఇక్కడ రాసి పెడుతున్నాను. అక్షరాలకు మళ్లీ చలిజొరం వచ్చింది. రానీ.

ఆ రోజు నేను ట్రే చూడలేదు.